లెక్కల గూడు: మీ ప్రశ్నలు, మా జవాబులు
ఈ నెల: గ్రాఫు కంటే ముందు పట్టిక

బెంగళూరులో బళ్ళు తెరిచారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా స్టాటిస్టిక్స్ మీదే ఉన్నాయి. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి, ఆరింటికి జవాబులిస్తున్నాం. మొదటి జవాబులోని 30 అంకెలు కింద మళ్ళీ మళ్ళీ వస్తాయి. పక్కన రాసి పెట్టుకుంటే చదవడం సులువు.

తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతాను. పుస్తకంలో పట్టిక ఇచ్చి హిస్టోగ్రామ్ (అంటుకున్న బార్‌ల గ్రాఫు) గీయమంటే చకచకా గీస్తారు. అదే చిందరవందరగా 30 అంకెలు ఇస్తే దిక్కులు చూస్తారు. పాఠం మొదలుపెట్టే ముందు నాకు మూడు పీరియడ్లు దొరుకుతాయి. ఏం చేయించమంటారు?
— గణితం టీచరు, కె.ఆర్.పురం

పుస్తకంలో ఇచ్చే పట్టిక వడ్డించిన విస్తరి లాంటిది. తరగతులు (0–10, 10–20 లాంటి గుంపులు) ఎక్కడ మొదలవ్వాలి, ఎంత వెడల్పు ఉండాలి, ఏ అంకె ఎందులో పడాలి అన్న మూడు నిర్ణయాలూ వేరెవరో చేసిపెట్టారు. పిల్లలకు మిగిలింది స్కేలుతో గీతలు గీయడమే. ఆ మూడు నిర్ణయాలనూ పిల్లల చేతికి ఇవ్వడానికి మీ మూడు పీరియడ్లూ చాలు.

మొదటి పీరియడ్‌లో తలా ఒక చీటీ ఇచ్చి ఒకే ఒక్క ప్రశ్న అడగండి. "బడికి రావడానికి ఎంతసేపు పడుతుంది?" అంటే "అరగంట", "ట్రాఫిక్‌ని బట్టి" అని రాస్తారు. అందుకని ప్రశ్నే బిగించాలి: "ఈరోజు పొద్దున ఇంటి గడప దాటినప్పటి నుంచి బడి గేటు లోపలికి అడుగుపెట్టేదాకా ఎన్ని నిమిషాలు? అంకె మాత్రమే రాయండి." టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న పిల్లకు 75 వస్తుంది. "రోజూ ఇంత పట్టదు టీచర్" అంటుంది. ఈరోజుదే రాయమనండి, కొట్టేయనివ్వకండి. చీటీలు వచ్చిన వరసలోనే బోర్డు మీదికి ఎక్కించండి. మచ్చుకు ఒక తరగతి చీటీలు ఇలా ఉన్నాయనుకుందాం:

12, 15, 20, 8, 25, 30, 10, 45, 20, 35,
15, 5, 40, 30, 22, 18, 10, 60, 25, 30,
20, 15, 50, 28, 35, 20, 10, 45, 75, 15

గ్రాఫు ఊసెత్తకుండా "ఈ అంకెల్లో వింతగా ఏమైనా కనిపిస్తోందా?" అని అడిగి ఊరుకోండి. కాసేపటికి ఎవరో ఒకరు పట్టుకుంటారు: 30లో 25 అంకెలు 5 ఎక్కంలోవే. 8, 12, 18, 22, 28 మాత్రమే గడియారం చూసి రాసినవిలా ఉన్నాయి. మిగతావాళ్ళు నోటి లెక్కన దగ్గరి అయిదుకో పదికో సర్దేశారు. మనుషులను అడిగి తెచ్చిన అంకెల్లో ఈ పోగుపడటం ఎప్పుడూ ఉండేదే. తరగతుల హద్దులు ఎక్కడ పెట్టాలన్నది దీన్నిబట్టే తేలుతుంది.

రెండో పీరియడ్‌లో కాండం-ఆకు చిత్రం, అదే స్టెమ్ అండ్ లీఫ్, వేయించండి. మీ సిలబస్‌లో లేకపోయినా ఒక పీరియడ్ పెట్టదగ్గది. పదుల అంకె (కాండం) ఎడమవైపు, ఒకట్ల అంకె (ఆకు) కుడివైపు, గళ్ళ పుస్తకంలో గడికి ఒక్క అంకె చొప్పున రాయాలి.

0 | 5 8
1 | 0 0 0 2 5 5 5 5 8
2 | 0 0 0 0 2 5 5 8
3 | 0 0 0 5 5
4 | 0 5 5
5 | 0
6 | 0
7 | 5

కింద "1 | 2 అంటే 12 నిమిషాలు" అని తప్పకుండా రాయించండి. గడికి ఒక అంకె అన్న నియమం తప్పితే వరసల పొడవులు అబద్ధం చెబుతాయి. ఏ పదిలోనైనా ఒక్క విలువా లేకపోతే ఆ కాండాన్ని ఖాళీగానైనా ఉంచాలి. పిల్లలు దాన్ని ఎగరగొట్టేస్తారు, దాంతో మధ్యలో ఉన్న ఎడం మాయమైపోతుంది. అంతా అయ్యాక పుస్తకాన్ని ఎడమవైపుకు పావు చుట్టు తిప్పి చూడమనండి. అంకెలతోనే కట్టిన హిస్టోగ్రామ్ నిలబడి ఉంటుంది.

మూడో పీరియడ్ టాలీ గీతలకు. పిల్లలు ఇక్కడ చేసే పొరపాటు ఎప్పుడూ ఒకటే. ముందు 0–10లో పడేవాటి కోసం 30 అంకెలూ వెతుకుతారు, తర్వాత 10–20 కోసం మళ్ళీ మొదటినుంచి వెతుకుతారు. ఎనిమిది సార్లు వెతికితే రెండు మూడు అంకెలు జారిపోక తప్పదు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టండి. ఒకరు అంకెను పైకి చదివి పెన్సిలుతో కొట్టేయాలి, రెండోవారు ఆ తరగతి ఎదురుగా గీత పెట్టాలి. అయిదో గీత అడ్డంగా. చివర మొత్తం 30 రాకపోతే గ్రాఫు కాగితం ముట్టుకోనివ్వకండి.

20 వచ్చినప్పుడు 10–20లో వేయాలా, 20–30లో వేయాలా అన్న గొడవ మొదలవుతుంది. జవాబు చెప్పకుండా తరగతిని రెండుగా చీల్చండి. కుడివైపు బెంచీలవాళ్ళు పుస్తకం పద్ధతిలో 20ని 20–30లో వేస్తారు. వాళ్ళకు వరసగా 2, 9, 8, 5, 3, 1, 1, 1 వస్తాయి. ఎడమవైపువాళ్ళు 20ని 10–20లోనే ఉంచుతారు. వాళ్ళకు 5, 10, 7, 3, 3, 1, 0, 1. అంకెలు అవే, కానీ మొదటి తరగతిలో ఒకచోట ఇద్దరుంటే ఇంకోచోట అయిదుగురు. ఒకచోట 60–70లో మనిషి ఉన్నాడు, ఇంకోచోట అది ఖాళీ. హద్దు సరిగ్గా పోగు మీద పడటం వల్ల వచ్చిన తంటా ఇది. రెంటిలో దేన్నైనా ఎంచుకోవచ్చు. ఎంచుకున్నాక చివరిదాకా దాన్నే పాటించాలి, ఏది పాటించారో పట్టిక మీద రాయాలి. పరీక్షలో మాత్రం పుస్తకం పద్ధతే.

వెడల్పు సంగతి కూడా అదే పీరియడ్‌లో తేల్చేయొచ్చు. 10 వెడల్పుతో అన్నిటికంటే ఎత్తు 10–20 తరగతిది. పక్కపక్క జంటలను కలిపి 20 వెడల్పు చేస్తే 11, 13, 4, 2 వస్తాయి, శిఖరం 20–40కి జరిగిపోతుంది. దీన్ని చూసిన పిల్లలు బాహుళక తరగతిని (అన్నిటికంటే ఎత్తైనదాన్ని) బట్టీ పట్టరు. 30 అంకెలకు ఆరు నుంచి ఎనిమిది తరగతులుంటే బాగుంటుంది. నాలుగైతే ఆకారం పోతుంది, పదిహేనైతే పళ్ళూడిన దువ్వెనలా ఉంటుంది.

నేను కర్నూలులో తెలుగు మీడియంలో చదివాను. మా అబ్బాయి ఇక్కడ ఇంగ్లీషు మీడియం. వాడు హిస్టోగ్రామ్ అంటాడు, నాకు సోపాన చిత్రం గుర్తుంది. రెండూ ఒకటేనా?
— ఒక తండ్రి, బొమ్మనహళ్ళి

ఒకటే. కమ్మీ రేఖాచిత్రం బార్ గ్రాఫు, పౌనఃపున్యం (ఒక తరగతిలో ఎన్ని పడ్డాయో ఆ లెక్క) ఫ్రీక్వెన్సీ, మధ్యగతం (వరసగా పేర్చితే నడిమి విలువ) మీడియన్, బాహుళకం (ఎక్కువసార్లు వచ్చే విలువ) మోడ్. పక్కింటి కన్నడ మీడియం పిల్లలు ఫ్రీక్వెన్సీని ఆవృత్తి అంటారు. ఒక్క మాట దగ్గర జాగ్రత్త: "తరగతి" అంటే మీకు 10–20 గుర్తొస్తుంది, అబ్బాయికి తొమ్మిది–బి గుర్తొస్తుంది. ఇంట్లో చెప్పేటప్పుడు "క్లాస్ ఇంటర్వెల్" అనేయండి.

హిస్టోగ్రామ్‌లో బార్‌ల మధ్య ఖాళీ వదిలిందని మా అమ్మాయికి మార్కులు తగ్గించారు. పుస్తకంలో తరగతులు 1–10, 11–20 అనే ఉన్నాయి. 10కీ 11కీ మధ్య ఖాళీ నిజంగానే ఉంది కదా?
— ఒక తల్లి, వైట్‌ఫీల్డ్

అమ్మాయి కళ్ళు బాగానే పనిచేస్తున్నాయండీ. ఖాళీ పట్టికలో ఉంది. దాన్ని పూడ్చకుండానే బొమ్మ మొదలుపెట్టింది, అంతే.

బార్ గ్రాఫులో అడ్డగీత మీద ఉండేవి పేర్లు: బస్సు, ఆటో, నడక. వాటి క్రమం మార్చినా నష్టం లేదు. వేరువేరు వస్తువులని చెప్పడానికే మధ్యలో ఖాళీ. హిస్టోగ్రామ్‌లో అడ్డగీత మీద ఉండేది కొలత, అది తెగకుండా సాగుతుంది. కాబట్టి ముందు హద్దులు సరిచేయాలి. ఒక తరగతి పై అవధికీ తర్వాతి తరగతి కింది అవధికీ తేడా 11 − 10 = 1. దానిలో సగం 0.5. కింది అవధుల్లోంచి 0.5 తీసేసి, పై అవధులకు 0.5 కలిపితే 0.5–10.5, 10.5–20.5 అవుతాయి. వీటి మీద గీస్తే బార్‌లు వాటంతటవే అంటుకుంటాయి. తేడా ఎప్పుడూ 1 ఉండదు. 1.0–1.4, 1.5–1.9 లాంటి తరగతులుంటే సగం 0.05. అలవాటుకొద్దీ 0.5 తీసే పిల్లలు ఇక్కడ బోల్తా పడతారు.

చాలా పుస్తకాలు చెప్పని మినహాయింపు ఒకటుంది, వయసు. పట్టికలో 10–14, 15–19 ఏళ్ళు అని ఉంటే 9.5–14.5 అని మార్చకూడదు. మనం వయసును నిండిన ఏళ్ళలో చెబుతాం. పద్నాలుగేళ్ళ పదకొండు నెలల పిల్ల కూడా "పద్నాలుగు" అనే చెబుతుంది. కనుక అసలు హద్దులు 10–15, 15–20. పరీక్షలో టీచరుగారు ఏ పద్ధతి నేర్పారో అదే రాయనివ్వండి. ప్రాజెక్టుకు మాత్రం ఇలా గీసి, కారణం కింద ఒక్క వాక్యంలో రాయమనండి.

ఎలాగూ బార్‌ల గురించే మాట్లాడుతున్నాం కాబట్టి, తరగతుల వెడల్పులు సమానంగా లేనప్పుడు వచ్చే చిక్కు కూడా. పైన ఉన్న ప్రయాణాల పట్టికలో చివరి నాలుగు తరగతులనూ కలిపి 40–80 చేస్తే అందులో ఆరుగురు. ఎత్తు 6 అని గీస్తే, అయిదుగురున్న 30–40 కంటే పొడుగ్గా, నాలుగింతలు వెడల్పుగా ఒక పెద్ద గోడ లేస్తుంది. చూసినవాళ్ళు క్లాసులో చాలామంది దూరం నుంచే వస్తున్నారనుకుంటారు. హిస్టోగ్రామ్‌లో లెక్కకొచ్చేది వైశాల్యం. ఎత్తు = పౌనఃపున్యం × అతి తక్కువ వెడల్పు ÷ ఈ తరగతి వెడల్పు, అంటే 6 × 10 ÷ 40 = 1.5. నిలువు గీత పేరు కూడా మారాలి. "విద్యార్థుల సంఖ్య" అని వదిలేస్తే ఒకటిన్నర విద్యార్థి అవుతాడు. "ప్రతి 10 నిమిషాలకు విద్యార్థులు" అని రాయాలి.

పి.యు.సి. మొదటి ఏడు, స్టాటిస్టిక్స్ తీసుకున్నాను. ఓజివ్ (తరగతుల లెక్కలను కూడుకుంటూ పోయి గీసే వక్రం) గీసి చూస్తే వచ్చే మీడియన్, అంకెలు వరసగా పేర్చి చూస్తే వచ్చే మీడియన్ కలవడం లేదు. తప్పు ఎక్కడ?
— ఒక విద్యార్థి, బనశంకరి

బాబూ, ముందు నీ చుక్కలు ఎక్కడ పెట్టావో చూసుకో. "కంటే తక్కువ" ఓజివ్‌లో సంచిత (అప్పటిదాకా కూడిన) పౌనఃపున్యాన్ని తరగతి పై హద్దు మీద పెట్టాలి. మధ్య విలువ మీద పెట్టేది పౌనఃపున్య బహుభుజికి. రెండూ ఒకే వారంలో నేర్చుకుంటారు కాబట్టి కలిసిపోతాయి.

కె.ఆర్.పురం టీచరుగారికి చెప్పిన 30 అంకెలే తీసుకుందాం. పుస్తకం పద్ధతిలో 10 కంటే తక్కువ 2, 20 కంటే తక్కువ 11, తర్వాత 19, 24, 27, 28, 29, 30. స్కేలు: అడ్డంగా 1 సెం.మీ. = 5 నిమిషాలు, మొత్తం 16 సెం.మీ. నిలువుగా 1 సెం.మీ. = ఇద్దరు, మొత్తం 15 సెం.మీ. నీ కాగితంలో పెద్ద గళ్ళు ముందే లెక్కపెట్టుకో. స్కేలుకు 1, 2, 5, 10 లాంటివే ఎంచుకో. 1 సెం.మీ. = 3 అంటే ఒక్కో చిన్న గడి 0.3, చుక్క పెట్టేటప్పుడు చచ్చేచావు. వక్రం మొదలు సున్నా దగ్గర, గాల్లో కాదు.

30లో సగం 15. నిలువు గీత మీద 15 నుంచి అడ్డంగా వెళ్ళి, వక్రం తగిలినచోట కిందికి దిగితే 25 దగ్గర ఆగుతావు. లెక్కలోనూ అంతే: 20 + (15 − 11) ÷ 8 × 10 = 25. అసలు అంకెలు పేర్చి చూస్తే 15వది 20, 16వది 22, మీడియన్ 21. నువ్వేమీ తప్పు చేయకపోయినా నాలుగు నిమిషాల తేడా వచ్చింది.

ఎందుకంటే, 20–30లో ఉన్న ఎనిమిదిమందీ ఆ పది నిమిషాల్లో సమంగా పరుచుకుని ఉన్నారని ఓజివ్ నమ్ముతుంది. నిజానికి వాళ్ళలో నలుగురు సరిగ్గా 20 దగ్గర, తరగతి గుమ్మంలోనే గుంపుగా నిలబడ్డారు. హద్దులను ఆ గుంపుల మధ్యకు జరిపి చూడు: 2.5–7.5, 7.5–12.5, 12.5–17.5, 17.5–22.5, ఇలా. ఇప్పుడు మొదటి నాలుగింటిలో 1, 5, 4, 6. మీడియన్ = 17.5 + (15 − 10) ÷ 6 × 5, సుమారు 21.7. అసలుదానికి చాలా దగ్గరికొచ్చింది.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. 10 వెడల్పు తరగతుల్లోనే పొరపాటున చుక్కలు మధ్య విలువల మీద పెట్టినవాడికి వక్రమంతా 5 నిమిషాలు ఎడమకు జరిగి 20 వస్తుంది. అది 21కి మరీ దగ్గర! జవాబు దగ్గరగా వచ్చిందని పద్ధతిని నమ్మకు. మార్కులు పోతాయి.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ట్యూషన్ చెబుతాను. వృత్త చిత్రంలో (పై చార్టు) కోణాలు కూడితే ఒక్కోసారి 361 వస్తోంది. ఎక్సెల్‌లో హిస్టోగ్రామ్ వేస్తే ఎత్తులు చేత్తో వేసినదానితో కలవవు. ఏం చేయాలి?
— ట్యూషన్ టీచరు, బాణసవాడి

మొదటిసారి నేర్పేటప్పుడు 30, 36, 40 మందితో లెక్క ఇవ్వండి. తలకు 12, 10, 9 డిగ్రీలు, భిన్నాల బెడదే లేదు. ఆ తర్వాత 37 మందిది ఇవ్వండి. నడక 9, బైకు 9, ఆటో 9, బస్సు 10 అనుకుందాం. మూడు తొమ్మిదులూ 87.57, అంటే 88 చొప్పున. బస్సు 97.3, అంటే 97. కూడితే 361. ఒక్కో ముక్కనూ విడిగా సర్దడం వల్ల వచ్చిందిది. కోణాలకు బదులు గీతలను సర్దండి. మొదటి గీత నుంచే కూడుకుంటూ పోతే 9కి 87.57, 18కి 175.14, 27కి 262.70. వాటిని 88, 175, 263 దగ్గర పెడితే ముక్కలు 88, 87, 88, 97. మొత్తం 360. అన్నీ ఒకే గీత నుంచి కొలుస్తారు కాబట్టి కోణమానిని జరిగి వచ్చే తప్పులు కూడా ఒకదాని మీద ఒకటి పేరుకోవు. అర్ధవృత్తపు కోణమానినితో 263 ఎలా అంటే, అదే గీత నుంచి వెనక్కి 97.

ఎక్సెల్ సంగతి వేరు. దానిలో ఉన్న హిస్టోగ్రామ్ పై హద్దును లోపలే ఉంచుకుంటుంది, అంటే 20ని 10–20లోనే వేస్తుంది. పైన ఎడమవైపు బెంచీలవాళ్ళు చేసిందే అది. పైగా తరగతులను అతి చిన్న విలువ నుంచి మొదలుపెడుతుంది. మన అంకెల్లో అది 5. అడ్డగీత మీద క్లిక్ చేసి, యాక్సిస్ ఆప్షన్స్‌లో బిన్ విడ్త్ 10, అండర్‌ఫ్లో బిన్ 9.5 అని ఇవ్వండి. నిమిషాలన్నీ పూర్ణాంకాలు కాబట్టి 9.5 దగ్గర ఎవరూ ఉండరు, 2, 9, 8, 5 అని పుస్తకం లెక్కే వస్తుంది. మామూలు కాలమ్ చార్టుతో చేసేవాళ్ళు ఫార్మాట్‌లో గ్యాప్ విడ్త్ సున్నా చేయాలి, తరగతుల లెక్క ముందే చేత్తో వేసుకోవాలి. పిల్లలు ఒకసారి కాగితం మీద గీశాకే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టండి. ముందే కూర్చోబెడితే హద్దుల సంగతి మెషిన్ చూసుకుంటుందని వదిలేస్తారు.

జూన్ 29న గణాంక దినోత్సవానికి బడి గోడ మీద చార్టులు పెట్టాలి. కొత్తగా ఏం చేయొచ్చు? చూసేవాళ్ళు తప్పుగా అర్థం చేసుకోకుండా ఏ జాగ్రత్తలు?
— హైస్కూలు టీచరు, మారతహళ్ళి

గణాంక శాస్త్రవేత్త పి.సి.మహలనోబిస్ పుట్టినరోజది. 2007 నుంచి జాతీయ గణాంక దినంగా జరుపుతున్నారు. ఆయన బొమ్మ పక్కన మరో గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు బొమ్మ కూడా పెట్టండి. తెలుగు ఇంట పుట్టినా రావుగారు పుట్టిన హడగలి ఇప్పుడు కర్ణాటకలోనే ఉంది. 1920లో పుట్టి 2023లో కన్నుమూశారు. బెంగళూరు తెలుగు పిల్లలకు ఇంతకంటే దగ్గరి బంధువు దొరకరు.

చార్టుకు మా సలహా రెండు ఊళ్ళ వాన. బెంగళూరు, చెన్నైల నెలవారీ సగటు వర్షపాతం వాతావరణ శాఖ లెక్కల నుంచి తీసుకుని జంట బార్‌లు గీయించండి. బెంగళూరులో మే నెలలో ఒక చిన్న గుట్ట, సెప్టెంబరు–అక్టోబరుల్లో పెద్ద గుట్ట కనిపిస్తాయి. చెన్నైలో ఈశాన్య రుతుపవనాల పుణ్యమా అని అక్టోబరు, నవంబరుల్లో కొండ లేస్తుంది. నెలలను వాన ఎక్కువ–తక్కువల క్రమంలో పేర్చకండి, ఆ గుట్టలు చెదిరిపోతాయి. రెండు ఊళ్ళకూ స్కేలు ఒకటే ఉండాలి. వేరువేరు కాగితాల మీద గీస్తే పిల్లలు ఎవరికి నచ్చిన స్కేలు వాళ్ళు పెట్టుకుంటారు, రెండు ఊళ్ళూ సమానంగా తడిసినట్టు కనిపిస్తాయి.

బార్ ఎప్పుడూ సున్నా నుంచే లేవాలి. మూడు సెక్షన్ల సగటు మార్కులు 82, 85, 88 అనుకోండి. నిలువు గీత 80 దగ్గర మొదలుపెడితే బార్‌ల ఎత్తులు 2, 5, 8 అవుతాయి. మొదటిదానికంటే మూడోది నాలుగింతలు! ప్రధానోపాధ్యాయుల గదిలో గొడవకు అది చాలు. తేడా చిన్నదే అయినా చూపించాలనుంటే బార్ మానేసి చుక్కలతో గీయండి, చుక్కకు సున్నా నిబంధన లేదు. విరుపు గుర్తు, అదే కింక్, హిస్టోగ్రామ్ అడ్డగీత మీద తరగతులు 100 దగ్గరో 150 దగ్గరో మొదలైనప్పుడు వాడుకోవచ్చు. నిలువు గీత మీద బార్‌ల కింద మాత్రం పెట్టకండి.

ఇంకో చార్టుగా ప్రయాణ నిమిషాల 30 అంకెల్నీ నాలుగు రకాలుగా పక్కపక్కన పెట్టండి: కాండం-ఆకు, 10 వెడల్పు, 20 వెడల్పు, పోగు మధ్యకు జరిపిన 5 వెడల్పు. నాలుగూ ఒకే 16 సెం.మీ. అడ్డగీత మీద ఉంటే శిఖరం ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగిందో గోడ దగ్గర నిలబడ్డవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. గీతల మీద అక్షరాలు రెండు మీటర్ల దూరం నుంచి చదవగలిగేలా కనీసం ఒక సెం.మీ. ఎత్తు ఉండాలి. కుడివైపు కింద ఎంతమందిని, ఏ రోజు, ఏ ప్రశ్న అడిగారో యథాతథంగా రాయించండి.